జి.డి.నాయుడు

జి.డి.నాయుడుగా ప్రసిద్ధుడైన గోపాలస్వామి దొరస్వామి నాయుడు (మార్చి 23, 1893 - జనవరి 4, 1974) కోయంబత్తూరుకు చెందిన తెలుగు పారిశ్రామికవేత్త, యంత్ర నిపుణుడు, ఆవిష్కర్త. దక్షిణ భారతదేశంలో బస్సు రవాణాకు బాటలు వేసినవారిలో ముఖ్యుడు. ప్రాథమిక పాఠశాల దాటి చదవకపోయినా యంత్రాలను విప్పి, బిగించి, వాటి మర్మాన్ని స్వయంగా నేర్చుకున్నాడు. భారతదేశపు ఎడిసన్ అని ఈయనను పిలుస్తారు. ఈ బిరుదు కొంత అతిశయోక్తే. ఎడిసన్‌కు పెట్టుబడిదారులు, పేటెంటు న్యాయవాదులు, పెద్ద ప్రయోగశాల తోడుగా ఉండగా, నాయుడుకు ఉన్నది బస్సుల మీద వచ్చిన ఆదాయం, ఒక మరమ్మతు కర్మాగారం మాత్రమే.

బాల్యం, కుటుంబ నేపథ్యం

నాయుడు కోయంబత్తూరు సమీపంలోని కలంగల్ గ్రామంలో ఒక తెలుగు కమ్మ రైతు కుటుంబంలో జన్మించాడు. విజయనగర, మదురై నాయక రాజుల కాలంలో తెలుగు ప్రాంతాల నుండి తరలివెళ్ళిన కుటుంబాలు కొంగునాడు నల్లరేగడి నేలల్లో పత్తి సేద్యంతో స్థిరపడ్డాయి. వీరు ఇంట్లో తెలుగు మాట్లాడుతూ, చదువు, వ్యవహారాలు తమిళంలో జరుపుకుంటారు. కోయంబత్తూరు నూలు మిల్లులు, పంపుల తయారీ, సాంకేతిక కళాశాలల చరిత్రలో ఈ కుటుంబాల పాత్ర చాలా పెద్దది. పి.ఎస్.జి. విద్యాసంస్థలు, లక్ష్మీ మిల్లులు ఇందుకు ఉదాహరణలు.

నాయుడు పుట్టిన కొద్దికాలానికే తల్లి మరణించింది. బడి చదువు ఆయనకు రుచించలేదు. ఉపాధ్యాయులపై ఇసుక చల్లి తప్పించుకునేవాడని చెబుతారు. చదువు ప్రాథమిక తరగతులతోనే ముగిసింది. అయితే పుస్తకాలపై ఆసక్తి మాత్రం పోలేదు. పొలం పనులు చేసుకుంటూనే దొరికినదల్లా చదివేవాడు.

రడ్జ్ మోటారు సైకిలు

నాయుడు జీవితాన్ని మలుపు తిప్పినది ఒక మోటారు సైకిలు. ఒక బ్రిటిషు అధికారి ఆ ప్రాంతానికి రడ్జ్ మోటారు సైకిలుపై వచ్చాడు. ఎద్దుగానీ గుర్రంగానీ లేకుండా దానంతట అదే నడిచే బండిని చూసిన యువకుడికి, అటువంటిది ఒకటి సంపాదించాలన్న కోరిక పుట్టింది. దాని కోసం ఊరు వదిలి కోయంబత్తూరు చేరి, ఒక హోటలులో సర్వరుగా పనిచేస్తూ డబ్బు కూడబెట్టాడు. చివరకు ఆ మోటారు సైకిలునే కొన్నాడు. అయితే దానిపై తిరగడంతో తృప్తి పడలేదు. ప్రతి భాగాన్నీ విప్పి, నేలమీద పరిచి, మళ్ళీ బిగించాడు. నాయుడు నేర్చిన యంత్రవిద్యకు ఇదే తొలి పాఠం. తరువాత కొంతకాలం మెకానిక్కుగా పనిచేశాడు.

రడ్జ్ బండ్లను తయారుచేసినది ఇంగ్లండులోని కోవెంట్రీ పట్టణానికి చెందిన రడ్జ్ విట్‌వర్త్ కంపెనీ. మోటారు సైకిళ్ళతో పాటు ఈ కంపెనీకి మరొక రంగంలోనూ పేరు ఉంది. కార్ల చక్రాలను త్వరగా ఊడదీసి మార్చుకునే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చినది వీరే. అంతకు ముందు చాలా కార్లకు ఎద్దుబండి చక్రం వలె చెక్క ఆకులు ఉన్న చక్రాలు ఉండేవి. టైరు పగిలితే చక్రాన్ని ఇరుసుపైనే ఉంచి, దారి పక్కన గంటల తరబడి కష్టపడి టైరును విప్పవలసి వచ్చేది. రడ్జ్ విట్‌వర్త్ పద్ధతిలో తీగ ఆకుల చక్రం పళ్ళున్న హబ్బుపైకి జారి కూర్చుంటుంది. మధ్యలో ఉన్న ఒకే ఒక పెద్ద నట్టు దానిని పట్టి ఉంచుతుంది. పందెపు కార్లలో ఈ పద్ధతి బాగా వ్యాపించింది. సాధారణ కార్లు, బస్సులు మాత్రం తక్కువ ఖర్చుతో కూడిన మరొక పద్ధతికి మళ్ళాయి. అందులో హబ్బు చుట్టూ వలయాకారంలో నాటిన స్టడ్లకు ఉక్కు చక్రాన్ని తొడిగి, నట్లతో బిగిస్తారు. నేటికీ అధిక సంఖ్యాక వాహనాలలో ఉన్నది ఇదే.

పత్తి వ్యాపారం

మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో పత్తికి గిరాకీ పెరిగింది. నాయుడు తిరుప్పూరులో పత్తి జిన్నింగు వ్యాపారంలోకి దిగి బాగా సంపాదించాడు. ఆ ధైర్యంతో బొంబాయి పత్తి మార్కెట్టులో ప్రవేశించి సంపాదించినదంతా పోగొట్టుకున్నాడు. ఉత్త చేతులతో కోయంబత్తూరు తిరిగివచ్చాడు.

బస్సు రవాణా

ఆ సమయంలో ఆయనకు అండగా నిలిచినవాడు కోయంబత్తూరులో మిల్లులు, కాఫీ వ్యాపారం నిర్వహిస్తున్న ఆంగ్లేయుడు సర్ రాబర్ట్ స్టేన్స్. స్టేన్స్ సహాయంతో, అప్పుగా తీసుకున్న సొమ్ముతో నాయుడు 1920లో ఒక బస్సు కొన్నాడు. పొల్లాచి, పళని పట్టణాల మధ్య దానిని స్వయంగా నడిపాడు. సుమారు అరవై కిలోమీటర్ల ఈ దారికి రైలుమార్గం 1920ల చివరిలో గాని రాలేదు. పళని సుబ్రహ్మణ్యస్వామి ఆలయానికి వెళ్ళే యాత్రికుల వలన ఏడాది పొడవునా ప్రయాణికులకు కొరత ఉండేది కాదు. డ్రైవరు, మెకానిక్కు, యజమాని ఒక్కరే కావడం వలన ఖర్చు తగ్గింది, బండి ఆగిపోయే రోజులూ తగ్గాయి.

ఒక బస్సుతో మొదలైన వ్యాపారం యూనివర్సల్ మోటార్ సర్వీస్ (యు.ఎం.ఎస్.) పేరుతో పెరిగింది. 1930ల మొదటి సగానికి సంస్థ చేతిలో సుమారు 280 బస్సులు ఉండేవని చెబుతారు. వేళ తప్పకుండా నడవడం ఈ బస్సుల ప్రత్యేకత. టిక్కెట్లు ఇచ్చే యంత్రాలను, బస్సు వచ్చిపోయే వేళలను ప్రయాణికులకు తెలిపే ఏర్పాట్లను నాయుడు ప్రవేశపెట్టాడని ఆయన జీవిత చరిత్రలు పేర్కొంటాయి. ఇదే కాలంలో పొరుగున ఉన్న నిజాం రాజ్యంలో బస్సు రవాణా మరొక దారి పట్టింది. అక్కడ నిజాం స్టేట్ రైల్వే వారి రోడ్డు రవాణా శాఖ 1932 జూన్‌లో 27 బస్సులతో ప్రారంభమైంది. తరువాతి కాలపు ఆంధ్ర ప్రదేశ్, తెలంగాణ రోడ్డు రవాణా సంస్థలకు అదే మూలం. మద్రాసు రాష్ట్రంలో మాత్రం రవాణా చాలాకాలం ప్రైవేటు యజమానుల చేతిలోనే ఉంది. నాయుడు ఎదుగుదలకు ఈ పరిస్థితి తోడ్పడింది.

నాటి బస్సు, దాని చక్రాలు

280 బస్సులను నడపడం అంటే ఏమిటో తెలియాలంటే ఆనాటి బస్సు నిర్మాణాన్ని కొంత తెలుసుకోవాలి. దేశంలో అప్పటికి మోటారు వాహనాలు తయారయ్యేవి కావు. జనరల్ మోటార్స్ సంస్థ 1928లో బొంబాయిలో ప్రారంభించినది కూడా విదేశీ భాగాలను కూర్చే కర్మాగారమే. ఇంజను, గేరుపెట్టె, ఇరుసులు గల ఛాసిస్ ఓడలో వచ్చేది. బాడీని ఇక్కడి వడ్రంగులు, కమ్మరులు కట్టేవారు. తయారీదారు ఊహించిన బరువు ఒకటి, మన దారుల్లో ఆ బండి మోసే బరువు మరొకటి. అందువలన కమాను కట్టలు, బేరింగులు, చక్రాలు ముందుగా దెబ్బతినేవి. విడిభాగం కావాలంటే నెలల తరబడి ఎదురుచూడాలి, లేదా ఇక్కడే చేసుకోవాలి. యు.ఎం.ఎస్. మరమ్మతు కర్మాగారం క్రమంగా తయారీ కర్మాగారంగా మారడానికి కారణం ఈ అవసరమే.

చక్రం బిగించడం చూడటానికి చిన్న పని. అందులో పొరపాటు జరిగితే మాత్రం ప్రాణాలకే ముప్పు. బరువు బండ్లకు వెనుక ఇరుసుపై ఒక్కొక్క వైపున రెండేసి చక్రాలు ఉంటాయి. రెండు చక్రాల మందాన్నీ దాటి నట్టుకు పట్టు దొరకాలి కనుక అక్కడ పొడవైన స్టడ్లు గాని, లోపలి చక్రాన్ని విడిగా పట్టే ప్రత్యేక నట్లు గాని వాడతారు. అనేక లారీలు, బస్సులలో ఎడమ వైపు స్టడ్లకు మర ఎదురు దిశలో ఉండేది. చక్రం తిరిగే దిశ వలన నట్టు దానంతట అది వదులు కాకుండా చేసిన ఏర్పాటు ఇది. ఈ సంగతి తెలియని కొత్త పనివాడు నట్టును విప్పబోయి మరింత బిగించి, స్టడ్డును విరగగొట్టడం కర్మాగారాలలో సాధారణంగా జరిగే విషయం.

బయట కొన్న అలాయ్ చక్రాలను తమ కార్లకు బిగించుకునే నేటి యజమానుల చిక్కు కూడా ఈ కోవలోనిదే. కొత్త చక్రం లోపలి అంచు బ్రేకుకు గాని, కమానుకు గాని తగులుతుంటే, హబ్బుకు చక్రానికి మధ్య స్పేసరు అనే లోహపు బిళ్ళను ఉంచి చక్రాన్ని బయటికి జరుపుతారు. స్పేసరు ఎంత మందంగా ఉంటే స్టడ్డుపై నట్టు పట్టే మర అంత తగ్గుతుంది. 12 మి.మీ. వ్యాసం గల స్టడ్డుపై కనీసం అంతే పొడవున మర పట్టి ఉండాలన్నది యంత్ర నిపుణుల సాధారణ లెక్క. 1.5 మి.మీ. మర అయితే నట్టు పూర్తిగా ఎనిమిది చుట్లు తిరగాలి. అంత పట్టు దొరకకపోతే పాత స్టడ్లను కొట్టి తీసి పొడవైనవి నాటాలి, లేదా సొంత స్టడ్లు గల మందపాటి స్పేసరును వాడాలి. ఏది చేసినా, చక్రం బయటికి జరిగిన మేరకు బేరింగుపై భారం పెరుగుతుంది. స్పేసరు హబ్బు నడిమి అంచుపై సరిగా కూర్చోకపోతే చక్రం కేంద్రం తప్పి, బండి వణుకుతుంది. తయారీదారు నిర్దేశించిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చడాన్ని భారతదేశంలో 1988 నాటి మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను నియంత్రిస్తుంది. నాయుడు బస్సులు నడిపిన తొలి సంవత్సరాలలో ఇంతటి కట్టుదిట్టమైన నిబంధనలు లేవు. మార్పు తప్పయితే దాని ఫలితం దారిలోనే కనబడేది.

విదేశీ యాత్రలు, ఆవిష్కరణలు

1930లలో నాయుడు ఐరోపా దేశాలు పర్యటించాడు. జర్మనీ కర్మాగారాలు ఆయనను ఎక్కువగా ఆకర్షించాయి. ఛాయాగ్రహణం ఆయనకు మరొక వ్యసనం. 1936 జనవరిలో లండనులో జరిగిన ఐదవ జార్జి చక్రవర్తి అంత్యక్రియలను స్వయంగా చిత్రీకరించాడు. మహాత్మా గాంధీ, జవహర్‌లాల్ నెహ్రూ, సుభాష్ చంద్రబోస్‌లను కూడా తన కెమెరాలో బంధించాడు.

ఆయన రూపొందించిన వస్తువులలో రసంత్ అనే విద్యుత్ క్షౌర యంత్రం ప్రసిద్ధమైనది. చిన్న మోటారుతో, బ్యాటరీలతో పనిచేసే ఈ యంత్రాన్ని ప్రపంచంలోనే మొదటిదిగా కొన్ని రచనలు పేర్కొంటాయి. ఇది సరి కాదు. అమెరికాలో జాకబ్ షిక్ తన విద్యుత్ క్షౌర యంత్రాన్ని 1931లోనే అమ్మకానికి పెట్టాడు. భారతీయుడు చేసిన తొలి విద్యుత్ క్షౌర యంత్రాలలో ఒకటిగా రసంత్‌ను చెప్పడం సమంజసం. పలుచని క్షౌరపు బ్లేడు, కెమెరాలో దూరాన్ని సరిచేసే సాధనం, పండ్ల రసం తీసే యంత్రం, కిరోసినుతో తిరిగే పంకా, మోసానికి వీలులేని ఓటింగు యంత్రం ఆయన చేసిన ఇతర వస్తువులు. భారత ఎన్నికలలో ఎలక్ట్రానిక్ ఓటింగు యంత్రాన్ని మొదటిసారి 1982లో, కేరళలోని పరవూరు నియోజకవర్గంలో వాడారు. అప్పటికి నాయుడు మరణించి ఎనిమిదేళ్ళు దాటింది. అయిదు వాల్వుల రేడియోను 70 రూపాయలకే తయారు చేయగలనని 1941లో ప్రకటించాడు. రేడియో సంపన్నుల ఇళ్ళకే పరిమితమైన ఆ రోజుల్లో ఇది సంచలనం కలిగించింది.

వీటన్నిటికంటే ఎక్కువ కాలం నిలిచిన ఫలితం ఇచ్చినది విద్యుత్ మోటారు. కోయంబత్తూరు పీలమేడులో నాయుడు నెలకొల్పిన నేషనల్ ఎలక్ట్రిక్ వర్క్స్ నుండి 1937లో దేశీయంగా తయారైన మోటారు వెలువడింది. దేశంలో తయారైన తొలి విద్యుత్ మోటారుగా దీనిని పరిగణిస్తారు. దీని రూపకల్పనలో డి.బాలసుందరం నాయుడు ముఖ్యపాత్ర వహించాడు. ఈయన తరువాత టెక్స్‌టూల్ సంస్థను స్థాపించాడు. బావి నుండి నీరు తోడే మోటారు పంపులకు కోయంబత్తూరు దేశమంతటా పేరు పొందడానికి పునాది ఈ దశలోనే పడింది. తెలుగు జిల్లాల మెట్ట పొలాల్లోని బావులపై కూడా కోయంబత్తూరు మోటార్లు విరివిగా కనిపిస్తాయి.

వ్యవసాయంలోనూ నాయుడు ప్రయోగాలు చేసి పత్తి, మొక్కజొన్న, బొప్పాయిలలో కొత్త రకాలను పెంచాడు. సి.వి.రామన్, మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఆయన తోటను సందర్శించారు. ఉదయం 6 గంటలకు పునాదితో మొదలుపెట్టి సాయంత్రం 5 గంటలకు ఒక ఇంటిని పూర్తి చేయించిన ఉదంతం కూడా ప్రచారంలో ఉంది. 1936-37 శాసనసభ ఎన్నికలలో పోటీ చేసి ఓడిపోయాడు. రాజకీయాలలో ఆయన చెప్పుకోదగిన పాత్ర వహించలేదు.

సాంకేతిక విద్య

1944లో నాయుడు మోటారు వ్యాపారపు నిర్వహణ నుండి తప్పుకున్నాడు. కార్మికుల సంక్షేమానికి, పరిశోధక విద్యార్థుల ఉపకార వేతనాలకు నిధులు కేటాయించాడు. ఆయన చొరవతో, విరాళాలతో కోయంబత్తూరులో ఆర్థర్ హోప్ పాలిటెక్నిక్, ఆ వెంటనే 1945లో ఇంజనీరింగు కళాశాల ఏర్పడ్డాయి. అప్పటి మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ పేరు వాటికి పెట్టారు. మూడు తరగతులు దాటి చదవని మనిషి ఇంజనీరింగు కళాశాలకు ప్రిన్సిపాలుగా వ్యవహరించడం ఆ కాలానికే కాదు, ఏ కాలానికైనా అరుదు.

ఈ పదవిలో ఆయన ఎక్కువ కాలం ఉండలేదు. నాలుగేళ్ళ చదువు కాల హరణమని, చేతితో పని నేర్పితే రెండేళ్ళు సరిపోతాయని ఆయన వాదన. ప్రభుత్వం ఈ ప్రతిపాదనను అంగీకరించలేదు. నాయుడు తప్పుకున్నాడు. ఆయన వాదనలో బలం, బలహీనత రెండూ ఉన్నాయి. ఇంజను విప్పి బిగించగల పనివాడిని తయారు చేయడానికి రెండేళ్ళు ఎక్కువే కావచ్చు. ఇరుసు ఏ బరువుకు విరుగుతుందో లెక్కించి ముందే చెప్పగల వాడికి గణితం కావాలి, దానికి కాలం పడుతుంది. అయితే యంత్రాన్ని తాకకుండానే పట్టా పుచ్చుకునే విద్యార్థుల గురించి ఆయన వెలిబుచ్చిన ఆందోళన తరువాతి దశాబ్దాలలో ఎందరో విద్యావేత్తల నోట వినిపించింది. ఈ కళాశాల తరువాత తడాగం రోడ్డుకు మారి గవర్నమెంట్ కాలేజ్ ఆఫ్ టెక్నాలజీ అయింది. తొలుత అది ఉన్న పీలమేడు ప్రాంతాన్ని మాత్రం నగరవాసులు ఇప్పటికీ హోప్ కాలేజీ అనే పిలుస్తారు.

రెండు వేల రూపాయల కారు

1952లో నాయుడు కర్మాగారం నుండి ఇద్దరు కూర్చునే పెట్రోలు కారు వెలువడింది. దాని వెల 2,000 రూపాయలు. దీనిని పెద్ద ఎత్తున తయారు చేయడానికి ఆయన ప్రభుత్వ అనుమతి కోరాడు. అనుమతి లభించలేదు.

ఈ నిరాకరణకు కాలమే ప్రధాన కారణం. 1951లో చేసిన పరిశ్రమల (అభివృద్ధి, నియంత్రణ) చట్టం 1952 మే నెలలో అమలులోకి వచ్చింది. దాని ప్రకారం కొత్త పరిశ్రమ స్థాపించాలన్నా, ఉన్నదానిలో కొత్త వస్తువు చేయాలన్నా లైసెన్సు తప్పనిసరి. దేశంలో విదేశీ మారకద్రవ్యం, ఉక్కు కొరతగా ఉన్నాయి. కార్లు విలాస వస్తువులుగా లెక్కకు వచ్చేవి. చిన్న మార్కెట్టును అనేక తయారీదారులు పంచుకుంటే ఎవరూ పూర్తిస్థాయి తయారీకి చేరుకోలేరని ప్రభుత్వం భావించింది. అందువలన హిందూస్తాన్ మోటార్స్, ప్రీమియర్ ఆటోమొబైల్స్, మద్రాసులోని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ వంటి కొద్ది సంస్థలకే అవకాశం దక్కింది. భాగాలను కూర్చడానికే పరిమితమైన ఫోర్డ్, జనరల్ మోటార్స్ కూడా ఈ విధానం వలన 1950లలో దేశం విడిచి వెళ్ళాయి. ఈ వాదనకు దాని తర్కం దానికి ఉంది. కాని లైసెన్సు పొందిన సంస్థలు చేసినవి విదేశీ నమూనాలు, అవి సామాన్యుడికి అందనివి. నాయుడు కారు ఇక్కడి నమూనా, చవకైనది.

ఆ కారు పెద్ద ఎత్తున తయారై ఉంటే మన దారులపై ఎన్నాళ్ళు నిలిచేదో చెప్పడం కష్టం. ఒక నమూనా చేయడం వేరు, ఒకే కొలతలతో వేల కార్లు చేయడం వేరు. ఆ పరీక్షకు నిలబడే అవకాశమే దానికి దొరకలేదు. చవక కారు ఆలోచన తరువాత చాలాకాలం ప్రభుత్వ కమిటీలలో నలిగింది. మారుతి 800 మార్కెట్టులోకి వచ్చినది 1983 డిసెంబరులో. లక్ష రూపాయల కారుగా టాటా నానోను 2008లో ప్రదర్శించారు.

చివరి సంవత్సరాలు, స్మారకాలు

తాను చేసినవి, దేశదేశాల నుండి తెచ్చినవి అయిన యంత్రాలను ప్రజలకు, ముఖ్యంగా విద్యార్థులకు చూపడానికి నాయుడు 1967లో కోయంబత్తూరులో పారిశ్రామిక ప్రదర్శనశాలను నెలకొల్పాడు. 1974 జనవరి 4న ఆయన మరణించాడు. ఆయన కుమారుడు జి.డి.గోపాల్, జి.డి.నాయుడు ధర్మసంస్థ ద్వారా ఈ ప్రదర్శనశాలను కొనసాగించాడు.

2015లో ఇదే సంస్థ అవినాశి రోడ్డులో జీడీ కార్ మ్యూజియంను ప్రారంభించింది. వివిధ దేశాలలో వివిధ కాలాలలో తయారైన కార్లను ఇక్కడ చూడవచ్చు. పాత కార్లను భద్రపరచేవారు ఇంజను తరువాత ఎక్కువ శ్రద్ధ చూపేది చక్రాలపైనే. చెక్క ఆకులు, తీగ ఆకులు, ఉక్కు బిళ్ళ, అలాయ్ అనే వరుసలో కారు వయసును దాని చక్రమే చెబుతుంది. ఫోర్డ్ మోడల్ టి వంటి కారుకు తరువాతి కాలపు చక్రాలు తొడిగితే సంగ్రాహకుల దృష్టిలో దాని విలువ పడిపోతుంది.

నాయుడు జీవితంపై ఫిల్మ్స్ డివిజన్ నిర్మించగా రంజిత్ కుమార్ దర్శకత్వం వహించిన డాక్యుమెంటరీ చిత్రానికి 66వ జాతీయ చలనచిత్ర పురస్కారాలలో ఉత్తమ శాస్త్ర, సాంకేతిక చిత్రంగా పురస్కారం లభించింది. కోయంబత్తూరు అవినాశి రోడ్డుపై గోల్డ్‌విన్స్ నుండి ఉప్పిలిపాళయం వరకు నిర్మించిన 10.1 కిలోమీటర్ల పైవంతెనకు తమిళనాడు ప్రభుత్వం జి.డి.నాయుడు పేరు పెట్టింది. దీనిని 2025 అక్టోబరు 9న ప్రారంభించారు. ఈ వంతెన హోప్ కాలేజీ కూడలి మీదుగానే సాగుతుంది.